సోమవారం నుంచి మొదలుపెడతా

బద్ధకమని నీకు నువ్వే పేరు పెట్టుకున్నావు బిడ్డా, అది మాత్రం నేను ఒప్పుకోను. బద్ధకస్తులెవరూ టైంటేబుల్‌ను నాలుగు రంగుల పెన్నులతో గీయరు. హైదరాబాద్ అశోక్‌నగర్ నుంచి బస్సులో మోసుకొచ్చిన పుస్తకాలకు అట్టలు వేసి, పేర్లు రాసి, సబ్జెక్టుల వారీగా పేర్చుకోరు. ఇవన్నీ నువ్వు చేస్తూనే ఉన్నావని మీ అమ్మ చెప్పింది. చేయనిది ఒక్కటే, నీకెంత వచ్చో తేల్చే పని. మోడల్ పేపరు ముందు పెడితే "సిలబస్ ఇంకా కాలేదు సార్, సోమవారం నుంచి గట్టిగా మొదలుపెడతా, అయిపోయినంక రాస్తా" అంటావు. ఏ సోమవారం బిడ్డా?

"నాలో ఏమన్నా లోపముందా?" అని అడిగావు గదా. ఉంటే అది నీ ఒక్కదానిదే కాదు. 1978లో అమెరికాలో స్టీవెన్ బెర్గ్లాస్, ఎడ్వర్డ్ జోన్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ పిల్లలకు ఒక పరీక్ష పెట్టారు. కొందరికి ఆలోచిస్తే తేలే ప్రశ్నలే ఇచ్చారు. ఇంకొందరికి అసలు జవాబే లేని ప్రశ్నలిచ్చి, వాళ్లు గుడ్డిగా ఏదో గుర్తు పెడితే "బ్రహ్మాండంగా చేశారు" అని మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఇంకో పరీక్ష ఉందని, దానికి ముందు రెండు మందుల్లో ఒకటి వేసుకోవచ్చని చెప్పారు. ఒకటి బుర్రను చురుకు చేసేది, ఇంకొకటి మొద్దుబార్చేది. తాము ఎట్లా నెగ్గారో తెలియని మగపిల్లల్లో ఎక్కువమంది ఏరికోరి మొద్దుబార్చేదే అడిగారు. మార్కులు తగ్గితే నెపం మందు మీదికి పోతుంది, తెలివి మీదికి మాట రాదు. ఆడపిల్లల్లో ఈ వంకర అంతగా కనిపించలేదు కాబట్టి మీ అన్నను కాసేపు ఎక్కిరించుకో. ఎక్కువసేపు వద్దు, నీ సంగతీ చెప్పబోతున్నా.

మన దగ్గర ఆ మందును దుకాణంలో కొనే పని లేదు. పరీక్షకు వారం ముందు చిన్నాయన కొడుకు పెళ్లి కార్డులు పంచే బాధ్యత మీద వేసుకునే పోరడు ఉంటాడు. ఎవరూ అడగరు, తనే బండి తీస్తాడు. రాత్రి ఒంటిగంట దాకా క్రికెట్ చూసి, పొద్దున కళ్లు మండుతున్నాయంటూ హాలుకు పోయేవాడు ఇంకొకడు. ఫలితాలు వచ్చినరోజు ఇద్దరి నోటా ఒకటే మాట: "చదవలేదు గానీ, చదివితే వచ్చేదే." ఇంట్లోవాళ్లు కూడా అదే అంటారు, మావాడికి తెలివి బాగుంది, కూర్చోడు అంతే అని. ఈ మాట ఎంత తియ్యగా ఉంటుందంటే, దాన్ని కాపాడుకోవడానికే కొందరు ఏళ్ల తరబడి చదవకుండా ఉంటారు. చదివి రాసి, అప్పుడు కూడా రాకపోతే ఏం చెప్పుకుంటారు మరి?

నీది ఇంకొంచెం మర్యాదస్తుల పద్ధతి. పెళ్లి కార్డులు పంచవు, క్రికెట్ చూడవు. పుస్తకం ముందే కూర్చుంటావు, చదివిన పేజీనే మళ్లీ చదువుతావు, పసుపుపచ్చ గీతల మీద ఆకుపచ్చ గీతలు గీస్తావు. పేజీ తిప్పుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. ఆ తెలిసినట్టు ఉండటమే పెద్ద మోసం. దీని గురించి నేను ఎప్పుడు మొదలుపెట్టినా మీ బ్యాచ్ పిల్లలు గడియారం చూసేవాళ్లు. ఇప్పుడు ఉత్తరంలో చెబుతున్నా కాబట్టి తప్పించుకోలేవు.

1/70 చట్టం తీసుకుందాం. ఉట్నూరులో పుట్టినవాళ్లకు ఆ మాట పాలతో పాటు వస్తుంది. అంగట్లో, ఐటీడీఏ ఆఫీసు వరండాలో, బస్సులో ఎక్కడ విన్నా అదే. పరీక్షలో ప్రశ్న వస్తే "ఇది మనదే" అని నవ్వుకుంటావు. సరే, ఇప్పుడు పుస్తకం మూసెయ్. పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి పదిహేను వరుసలు రాయి.

ఏమవుతుందో నాకు తెలుసు. "ఏజెన్సీలో గిరిజనుల భూములు గిరిజనేతరులు కొనరాదు" అని మొదటి వరుస పడుతుంది. రెండో వరుస దగ్గర పెన్ను ఆగుతుంది. అసలు నిబంధన 1959లో ఆంధ్ర ప్రాంతానికి వచ్చింది, తెలంగాణకు దాన్ని వర్తింపజేసింది 1963లో. 1970లో వచ్చిన మొదటి నిబంధన ఆ పాతదానికి సవరణ, అందుకే 1/70 అన్నారు. ఇందులో అందరూ మరిచిపోయే, అసలు ప్రాణమంతా ఉన్న మాట ఒకటి ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుల దగ్గర నుంచి వచ్చిందే అని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. 1997 నాటి సమతా తీర్పు ఈ నిబంధన మీదే నిలబడి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వరాదంది. ఇవన్నీ నువ్వు చదివినవే. చదివినప్పుడు తెలిసినట్టే ఉన్నవే. కాగితం మీదికి ఎన్ని వచ్చాయి?

ఆ కాగితం మీద ఖాళీలు ఉన్నాయి చూడు, నీకు కావలసిన టైంటేబుల్ అదే. మళ్లీ పుస్తకం తెరిచి, ఆ ఖాళీలు మాత్రం చూసుకుని, రేపు మళ్లీ మూసి రాయి. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు ఈ పనే లెక్కగట్టి చూశారు. ఒక పాఠాన్ని కొందరు పదేపదే చదివారు, కొందరు ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాస్తూ పోయారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే పదేపదే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తలకిందులైంది, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. తమాషా ఏమిటంటే, మాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పినవాళ్లు పదేపదే చదివినవాళ్లే. నీ పరీక్ష అయిదు నిమిషాల తర్వాత లేదు బిడ్డా.

మూసి రాయమంటే ఎందుకు కోపమొస్తుందంటే, అక్కడ తప్పు కనబడుతుంది. మీ ఊళ్లలో దీపావళికి గోండుల దండారీ ఆట కట్టినప్పుడు చూశావు గదా, అక్కడ తప్పును దాచుకునే చోటే లేదు. నెమలి ఈకల టోపీ పెట్టిన గుస్సాడీల వెనక చిన్న పిల్లలు వరుసలో కలుస్తారు. అడుగు తప్పితే ఊరంతా నవ్వుతుంది, పెద్దవాళ్లలో ఒకరు అక్కడికక్కడే భుజం పట్టి తిప్పుతారు, డప్పు ఆగదు, ఆట సాగుతుంది. అన్నీ నేర్చుకున్నాక వస్తానని ఇంట్లో కూర్చున్న పిల్లవాడు గుస్సాడీ అయిన దాఖలా లేదు. మార్లవాయి కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది గుస్సాడీకే. ఎందరో కుర్రవాళ్లకు ఆయన ఆట నేర్పింది ఇట్లా నిలబెట్టి, ఆడించి, దిద్దే. 2024లో ఆయన పోయారు. ఆయన దిద్దిన అడుగులు ఇప్పటికీ దండారీల్లో తిరుగుతున్నాయి. ఆటలో సిగ్గుపడని పిల్లలే నల్లబల్ల ముందుకు రమ్మంటే గోడకు అతుక్కుపోవడం నా ఉద్యోగం పొడుగునా చూశాను. ఆ సిగ్గు బడే నేర్పింది, అందులో మా మాస్టర్ల వాటా తక్కువేం కాదు.

ఇగ నువ్వు రాసిన రెండో మాట. "జీవో 3 పోయింది, ఏజెన్సీలో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివి, సిటీ పిల్లలతో ఏం పోటీ పడతాం?"

ఇందులో సగం నిజం. నిజమైన సగాన్ని మాయ చేయను. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 సంవత్సరం నాటి జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. నీలాంటి బీఈడీ పిల్లలకు అది చిన్న దెబ్బ కాదు. గ్రూప్-1 సంగతి కూడా అంతే. 2022 అక్టోబరులో పెట్టిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ పెట్టింది హైకోర్టులో రద్దయింది, చివరికి 2024లో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఇది పిల్లల చేతకానితనం అనేవాళ్లు ఎవరన్నా ఉంటే నా దగ్గరికి పంపు.

కానీ ఆ రెండేళ్లలో చదువు ఆపినవాళ్లకూ ఆపనివాళ్లకూ రద్దయిన పేపరు ఒక్కటే. జీవో 3 సంగతి చెప్పేవాళ్లు 2022 సెప్టెంబరులో వచ్చిన జీవో 33 ఊసెత్తరు. రాష్ట్రమంతటా గిరిజన రిజర్వేషన్ 6 శాతం నుంచి 10 శాతానికి పెరిగింది దానితోనే. హోటల్ దగ్గర చాయ్ తాగుతూ పోయినదాని గురించే గంటలు మాట్లాడతారు. ఆ కబుర్లలో ఒక సుఖం ఉంది, ఎందుకంటే అక్కడ ఎవరూ నీ పేపరు దిద్దరు.

"ఏజెన్సీవాళ్లం" అన్న సగం మాత్రం వేరే రకం. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఆరు, ఏడు తరగతుల మగపిల్లల చేత కాగితం మీద చిక్కుదారుల బొమ్మలు విప్పించారు. సరైన దారి కనుక్కున్న ప్రతిదానికీ డబ్బులు. ఎవరు ఏ కులమో బయటపెట్టనప్పుడు దళిత పిల్లలూ అగ్రకులాల పిల్లలూ సమానంగానే విప్పారు. వేరే గుంపుల్లో ఒక్కొక్కరి పేరు, తండ్రి, తాతల పేర్లు, కులం అందరిముందూ గట్టిగా చదివి వినిపించాక, అట్లాంటి బొమ్మల దగ్గరే దళిత పిల్లల స్కోరు బాగా పడిపోయింది. కులం చదివినంత మాత్రాన తెలివి ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోలేదు, మాట మీద పడి దాన్ని అణిచింది. ఆ మాట ఎవరో అంటే అది వాళ్ల పాపం. మనమే పొద్దున్నే అద్దం ముందు నిలబడి మనకు చదివి వినిపించుకుంటే?

ఏజెన్సీవాళ్లకేం చేతనవుతుందంటే విను. మార్లవాయిలో 1943లో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ పెట్టించిన శిక్షణ కేంద్రంలో గోండు యువకులే గోండీ వాచకాలతో చదువు నేర్చి ఊళ్లకు పంతుళ్లయ్యారు. అప్పటి మన అడవిలో రోడ్డు, కరెంటు ఎట్లా ఉండేవో మీ తాతనడుగు. గుంజాల సంగతి ఇంకా బాగుంటుంది. గోండీకి సొంత లిపి లేదని బడుల్లో పాఠం చెప్పాం, నేనూ చెప్పాను. నార్నూర్ మండలం గుంజాలలో కొన్ని ఇళ్లలో ఆ సొంత లిపిలో రాసిన పాత రాతప్రతులు మూటల్లో ఉన్నాయి, చదవగలిగిన వృద్ధులు కొద్దిమంది మిగిలారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయన బృందం వాటిని వెలికితీసేదాకా బయటి లోకానికి తెలియదు. ఆ లిపి 2018లో యూనికోడ్‌కు ఎక్కింది, ఇప్పుడు ఫోన్లకు, కంప్యూటర్లకు దాని సంకేతాలున్నాయి. మాకేముంది అనుకున్న ఇంట్లో, దూలం మీది మూటలో ఉన్నది అది.

ఫోన్ గురించి ఉపన్యాసం ఇస్తానని చూస్తున్నావేమో, ఇవ్వను. పక్క గదిలో పెట్టు, చాలు. మోటివేషన్ వీడియోలు కూడా ఫోనే బిడ్డా, అవి లెక్కలోకి రావనుకోకు.

టైంటేబుల్ మీద మాత్రం ఒక మాట. నలభై రోజుల్లో ఇండియన్ పాలిటీ అయిపోవాలని గీశావు, పన్నెండో రోజుకే వెనకబడ్డావు, అదీ నీ లోపమే అనుకున్నావు. 1994లో కెనడాలో రోజర్ బ్యూలర్, ఇంకో ఇద్దరు పరిశోధకులు డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలను థీసిస్ ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే, సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎంత పడుతుందంటే 49 అన్నారు. తీరా పట్టింది 55కు పైనే. చెడ్డరోజులు లెక్కేసి చెప్పినదానికన్నా ఎక్కువ! అంటే నీ టైంటేబుల్ తప్పు, నువ్వు కాదు. మీ ఇంట్లో పత్తి ఏరే రోజులుంటాయి, చుట్టాలొచ్చే రోజులుంటాయి, జ్వరం రోజులుంటాయి, నాగోబా జాతర ఉంటుంది. జాతరకు పోకుండా చదువుతానని మాత్రం నాకు చెప్పకు, నమ్మను. అవన్నీ తీసేసి మిగిలిన రోజులకే గీసుకో, అదీ ఒక్క రంగు పెన్నుతో.

మొన్న నువ్వు అడిగిన కోచింగ్ మార్చాలా వద్దా అన్న సంగతి తర్వాత చూద్దాం. ఈలోపు 1/70 మీద ఆ పదిహేను వరుసలు రాసి, ఫోటో తీసి నాకు పంపు. మంచి కాగితం మీద తిరగరాసి పంపితే ఇట్టే పట్టేస్తా. కొట్టివేతలతో, ఖాళీలతో ఎట్లా ఉన్నదట్లా రావాలి. ఆదివారం రాత్రిలోగా. ఎర్ర పెన్ను ఇప్పటికే తీసి పెట్టాను, కొసరు మార్కులు వేసే అలవాటు ఎప్పుడూ లేదని నీకు తెలుసు. వచ్చే వారం జీవో 3 తీర్పు మీద అడుగుతా, ధర్మాసనం ఏ కారణాలు చెప్పి కొట్టేసిందో చూసి పెట్టుకో, చాయ్ హోటల్లో విన్నది రాస్తే సున్నా.