మీడియేషన్‌కు పంపారా? సెలవు పెట్టే ముందు ఇవి చూసుకోండి

ఉద్యోగస్తులకు కోర్టు కేసంటే ఖర్చొక్కటే కాదు, వాయిదాకో సెలవు కూడా. అందుకే జడ్జి మీడియేషన్ సెంటరుకు వెళ్లమంటే, ఇదో కొత్త తిరుగుడనుకుని మొక్కుబడిగా వెళ్లి రాకండి. సిద్ధపడి వెళితే కేసు అక్కడే తేలిపోవచ్చు.

అద్దె అడ్వాన్సు, చేబదులు, ఆస్తి పంపకాల వంటి సివిల్ తగాదాలను సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ కింద జడ్జి ఇలా పంపొచ్చు. చెక్ బౌన్స్ కేసులూ వెళుతుంటాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక విడాకుల కేసులోనే, భార్యాభర్తల తగాదాలను మీడియేషన్‌తో సర్దే ప్రయత్నం గట్టిగా చేయాలని సుప్రీంకోర్టు 2013లో ఫ్యామిలీ కోర్టులకు చెప్పింది.

ఫీజు ఎవరిస్తారు? కోర్టు పంపిన కేసులో మీడియేటరుకు పారితోషికం సాధారణంగా న్యాయసేవాధికార సంస్థ నిధుల నుంచి అందుతుంది. మీ జేబు నుంచి ఇవ్వక్కర్లేదు. ఎవరైనా అడిగితే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పండి. మీడియేటర్లు ఎక్కువగా లాయర్లు, రిటైరైన జడ్జీలు; కనీసం 40 గంటల శిక్షణ తీసుకున్నవారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. 15100కు ఫోన్ చేసి అడగొచ్చు.

మీడియేటరు తీర్పు చెప్పరు. ఇద్దరినీ కలిపి కూర్చోబెడతారు, అవసరమైతే విడివిడిగా మాట్లాడతారు. "ఇది అవతలివాళ్లకు చెప్పొద్దు" అంటే చెప్పరు. రాజీ కుదరకపోతే, కుదరలేదన్న ముక్కే కోర్టుకు వెళుతుంది. కేసు ఆగినచోటి నుంచి మళ్లీ నడుస్తుంది. మెట్టు దిగి మాట్లాడారని మీ వాదన బలహీనపడదు.

వెళ్లేముందు మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: మీకు రావాల్సింది ఎంత, ఎంతకైతే ఒప్పుకుంటారు, కేసు ఇంకా నడిస్తే లాయరు ఫీజుకూ సెలవులకూ ఎంత పోతుంది. మూడోది వేసుకున్నాకే రెండోది ఖాయం చేయండి. రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఒప్పంద పత్రం వెంట ఉంచుకోండి. ఇద్దరికీ కుదిరే రోజు అడగండి. పొరుగూళ్లో ఉద్యోగమైతే వీడియోలో మాట్లాడే వీలుందేమో కనుక్కోండి.

అసలు జాగ్రత్త సంతకం దగ్గర. "త్వరలో చెల్లిస్తాను" అన్న మాట రాజీపత్రంలో ఉండకూడదు. ఎంత, ఏ తేదీకి, ఏ ఖాతాలోకి, ఒక వాయిదా తప్పితే ఏం చేయాలి... అన్నీ రాయించండి. మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమనండి. చేతికి డబ్బు రాకముందే కేసు ఉపసంహరించుకోవద్దు. రాజీపత్రాన్ని కోర్టు రికార్డు చేసి డిక్రీ ఇస్తే, మాట తప్పినవారి మీద అమలు పిటిషన్ వేయొచ్చు. మళ్లీ మొదటి నుంచి దావా అక్కర్లేదు. ఆ డిక్రీ నకలు తీసుకుని, కట్టిన కోర్టు ఫీజు వాపసుకు అర్జీ పెట్టొచ్చేమో అదే రోజు మీ లాయరును అడగండి.