తెరపై అక్షరం

టీకాతాత్పర్యాలతో అచ్చయిన తెలుగు కావ్యాలలో పద్యం పెద్ద అక్షరాలతోను, ప్రతిపదార్థం చిన్న అక్షరాలతోను కనిపించడం పరిపాటి. మూలమేదో వ్యాఖ్యానమేదో చదవకముందే కన్ను గ్రహిస్తుంది. ఆనాడు సీసపు అక్షరాలను పేర్చిన కంపోజిటర్ చేసిన పనిని నేడు అరచేతిలోని తెరపై మొబైల్ యాప్ చేస్తున్నది.

మందుల వేళలను గుర్తుచేసే యాప్‌ను ఉదాహరణగా తీసుకొందాం. 'ఉదయం 8 గంటలకు, భోజనం తర్వాత' అన్న వాక్యంలో 8 అంకె మాత్రమే పెద్దదిగా కనిపించాలి. ఇందుకు ఆండ్రాయిడ్‌లో వాక్యాన్ని ముక్కలు చేయనక్కరలేదు. ఎక్కడినుండి ఎక్కడివరకు, ఎన్ని రెట్లు పెంచాలో తెలిపితే చాలును. ఆ హద్దుల గుర్తును 'స్పాన్' అంటారు.

ఆంగ్లలిపికి ఇది సులభమే. తెలుగులో మాత్రం 'స్త్రీ' అన్నది కంటికి ఒకే అక్షరమైనా, యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం. స్పాన్ హద్దు వీటి నడుమ పడితే అక్షరం విచ్ఛిన్నమౌతుంది. గణవిభజన నేర్చిన విద్యార్థి 'స్త్రీ'ని ఒకే గురువుగా గుర్తిస్తాడే తప్ప రెండుగా చీల్చడు. యంత్రానికి ఆ సంస్కారం ప్రోగ్రామరే నేర్పాలి.

మన లిపికి పైన గుడి, క్రింద వత్తు ఉంటాయి. పంక్తి ఎత్తును ముందే బిగించి అక్షరాన్ని పెంచితే ఆ రెండూ తెగిపోయే ప్రమాదముంది. 'కల్ల'లో లావత్తు తెగితే మిగిలేది 'కల'. అబద్ధం కాస్తా స్వప్నమైపోతుంది!

అసలు చిక్కు చూపు మందగించిన వృద్ధులది. ఫోను సెట్టింగులలో అక్షరాన్ని పెద్దది చేసుకొన్నా కొన్ని యాప్‌లలో అది చిన్నగానే ఉండిపోతుంది. పరిమాణాన్ని 'ఎస్.పి.' అనే కొలతలో ఇస్తే అక్షరం వారి కోరిక ననుసరించి పెరుగుతుంది; 'డి.పి.'లో ఇస్తే ఆ కోరికను పట్టించుకోదు. రూపకర్తకు ఇది ఒక్క అక్షరపు తేడా. మందు వేసుకొనే అవ్వకు మాత్రం అది భోజనానికి ముందా, తర్వాతా అన్న సందేహం.

అక్షరాలు 200 శాతం వరకు పెరిగినా పాఠ్యం చెడరాదని 2008లో వెలువడిన అంతర్జాతీయ వెబ్ సౌలభ్య సూత్రాలు నిర్దేశించాయి. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 ఆ మేరకు పెంచుకొనే వీలు కల్పించింది. అన్నిటినీ సమానంగా పెంచితే శీర్షికే తెరనంతా ఆక్రమిస్తుంది. అందువల్ల ఇందులో పెద్ద అక్షరం తక్కువగాను, చిన్న అక్షరం ఎక్కువగాను పెరుగుతాయి. మందు పేరు ఉన్నచోట దాదాపు అలాగే ఉండగా, దాని క్రింది 'భోజనం తర్వాత' అవ్వ కంటికి ఆనుతుంది.