కోటిపల్లి రైలు మార్గము: పోయిన పట్టాలు, తిరిగి వచ్చిన పట్టాలు

గ్రామమునకు ఒకసారి రైలు వచ్చినచో ఇక శాశ్వతముగ నుండునని మనలో పెక్కుమంది తలంతురు. అది సరికాదని తెలిసికొనుటకు పూర్వపు తూర్పు గోదావరి జిల్లాలోని కోటిపల్లి కథ చాలును.

గౌతమీ తీరమున సోమేశ్వరాలయముతో పేరొందిన ఈ గ్రామమునకు కాకినాడనుండి 1928లో రైలు మార్గము వేసిరి. దాని పొడవు సుమారు 45 కిలోమీటర్లు. కరప, రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగ వచ్చిన బండి ఏటి యొడ్డున నిలిచెడిది. కోనసీమవారికి రేవు దాటినంతనే రైలు దొరకెడిది. అయితే ఈ భాగ్యము పండ్రెండేండ్లే. రెండవ ప్రపంచ యుద్ధము రాగా, 1940లో పట్టాలను ఊడదీసి యుద్ధావసరములకు తరలించిరి. యుద్ధము ముగిసినది, స్వాతంత్ర్యము వచ్చినది; పట్టాలు మాత్రము రాలేదు.

అవి తిరిగి వచ్చుటకు అరువదేండ్లకు పైగా పట్టినది. లోక్‌సభ స్పీకరుగా నుండిన జి.ఎం.సి. బాలయోగి ఇందుకై విశేషముగ కృషి చేసిరి. 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదమున ఆయన మరణించిరి. 2004లో ఈ మార్గమున మరల నడచిన బండిని ఆయన చూడలేకపోయిరి.

ఇందులో పంచాయతీలు గమనింపవలసిన విషయ మొకటి కలదు. పట్టాలు తీసివేసినంత మాత్రమున రైల్వే భూమి ఊరుమ్మడి భూమి కాదు. అట్టి స్థలమున పశువులపాకో, దుకాణమో వెలసినచో మరల రైలు వచ్చునాడు తగవులు తప్పవు. హద్దురాళ్లు కదలకుండ చూచుట గ్రామమునకే మేలు.

ఇక చిన్న స్టేషనుల సంగతి. ఇట్టి మార్గములలో హాల్టు లనబడునవి తరచుగ నుండును. హాల్టులో స్టేషను మాస్టరుండడు, సిగ్నలుండదు, బండి తప్పుకొనుటకు రెండవ దారియు నుండదు. కాలపట్టికను బట్టి డ్రైవరు బండి నాపును. పెక్కుచోట్ల టిక్కెట్లమ్మునది రైల్వే ఉద్యోగి కాదు, కమీషను ఏజెంటు. అతడు సమీపపు పెద్ద స్టేషనులో సొమ్ము చెల్లించి టిక్కెట్లు తెచ్చి ఇచట అమ్మును. అమ్మిన టిక్కెట్లను బట్టియే అతని రాబడి. ఆ హాల్టుకు గల ఆదాయము లెక్క తేలునదియు వానివల్లనే.

కనుక, 'మన యూరివాడే గదా, అడుగువా డెవ్వడు?' అని టిక్కెట్టు లేక ఎక్కువాడు తన జేబులో మిగుల్చుకొనునది కొలది రూపాయలు; ఊరి లెక్కలో తగ్గించునది ఒక ప్రయాణికుని. బండి నిండుగ పోవుచున్నను కాగితముపై ఖాళీగనే కనుపించును. అధికారులు చూచునది కాగితమునే. ఇప్పుడు చేతి ఫోనులోనే సాధారణ టిక్కెట్టు కొనవచ్చును గనుక, కిటికీ మూసియున్నదను సాకుకు బలము తగ్గినది.

కోటిపల్లి మార్గమున చాలకాలము నడచినది రైలుబస్సు. పేరునకు తగినట్లే పట్టాలపై నడచు చిన్న బస్సు వంటిది. 2020 మార్చిలో కరోనా వలన దేశమంతట ప్రయాణికుల బండ్లు నిలిచినపుడు ఇదియు నిలిచినది. ఇట్లు నిలిచిన బండిని గూర్చి డివిజనల్ రైల్వే మేనేజరునకు వ్రాయునపుడు, 'మాకు రైలు కావలెను' అను ఒక్క వాక్యము చాలదు. పాఠశాలలకు, ఆసుపత్రికి, సంతకు పోవువా రెందరు, ఏ వేళ పోవుదురు, బస్సు చార్జీ ఎంత అగుచున్నది అను వివరములను గ్రామసభలో సేకరించి, పొరుగు పంచాయతీల తీర్మానములను గూడ జతపరచవలెను.

కోటిపల్లినుండి నర్సాపురమునకు సుమారు 57 కిలోమీటర్ల కొత్త మార్గము మంజూరై యున్నది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై మూడు పెద్ద వంతెనలు అందులోని భాగములు. అది పూర్తియైన నాడు కోటిపల్లి చివరి స్టేషను కాక నడిమి స్టేషనగును. ఆ దారిలోని పంచాయతీలు స్టేషనుకు పోవు బాట, వీధి దీపము, వాన నీరు పోవు కాలువ, ఎడ్లబండ్లకును ఆటోలకును నిలుచు తావు ఎచట నుండవలెనో ఇప్పుడే నిర్ణయించి తమ ప్రణాళికలో వ్రాసికొనవచ్చును.