పాత పికప్పు కొనునప్పుడు వెనుక యాక్సిలు నిష్పత్తి

రైతు సోదరులు పాత పికప్పు బండి కొనుటకు హైదరాబాదు వచ్చినప్పుడు సాధారణముగా మూడు ప్రశ్నలు అడుగుదురు. బండి ఏ సంవత్సరముది? ఎన్ని కిలోమీటర్లు తిరిగినది? లీటరుకు ఎంత ఇచ్చును? ఈ మూడును అడుగదగినవే. కాని నిండు బరువుతో బండి చేను గట్టు ఎక్కునా, క్లచ్ రెండు పంటల కాలమైనా నిలుచునా, డీజిలు ఖర్చు కూరగాయల మీద వచ్చిన లాభమును మింగివేయునా అను సంగతులు చాలవరకు నాల్గవ ప్రశ్నపై ఆధారపడి యుండును. ఆ ప్రశ్న ఏమనగా, వెనుక యాక్సిలు నిష్పత్తి ఎంత? అమ్మువానికి ఇది తెలియకపోవచ్చును. తెలిసి చెప్పినను, అరగంటలో మీరే లెక్కించి చూచుకొనుట మేలు.

నిష్పత్తి అనగానేమి?

వెనుక యాక్సిలు నడుమ కుండవలె ఉబ్బియున్న భాగములో రెండు పండ్ల చక్రములు గలవు. ఇంజను వైపునుండి వచ్చు ప్రొపెల్లర్ షాఫ్టు చివరనున్న చిన్నదానిని పినియన్ అనియు, అది త్రిప్పు పెద్దదానిని క్రౌన్ అనియు అందురు. క్రౌన్ పండ్ల సంఖ్యను పినియన్ పండ్ల సంఖ్యచే భాగించగా వచ్చునదే నిష్పత్తి. మహీంద్రా కంపెనీ 1947లో మన దేశములో విల్లీస్ జీపుల బిగింపు ప్రారంభించినది. ఆ వంశములోని సి.జె. 3బి జీపు క్రౌన్‌కు 43 పండ్లు, పినియన్‌కు 8 పండ్లు, అనగా 5.38. రెండవ ప్రపంచ యుద్ధములో నడచిన విల్లీస్ జీపునకు 39, 8, అనగా 4.88. ఇక 37, 9 పండ్ల జత అయినచో 4.11 అగును.

బరువు నెత్తిన పెట్టుకొని గట్టు ఎక్కు మనిషి చిన్న అడుగులు వేయును. చదును బాటలో అంగలు వేయును. పెద్ద సంఖ్య చిన్న అడుగు వంటిది, చిన్న సంఖ్య అంగ వంటిది. తక్కినవన్నియు సమానముగా నున్నచో 4.88 నిష్పత్తి గల బండి చక్రము వద్ద 4.11 బండికన్న సుమారు నూటికి 19 వంతులు ఎక్కువ బలముతో లాగును. దానికి ప్రతిగా అదే వేగమునకు ఇంజను అన్ని చుట్లు ఎక్కువ తిరుగవలెను. ఇక్కడ ఒక మాట జాగ్రత్త. మెకానిక్కులు ‘లో రేషియో’ అన్నప్పుడు పెద్ద సంఖ్యనే ఉద్దేశించుట కద్దు. కనుక ‘లో’, ‘హై’ అను మాటలతో బేరము చేయక సంఖ్యనే అడుగుడు.

ఎవరికి ఏది తగును?

టైరు ఎత్తు సుమారు 70 సెంటీమీటర్లు అనుకొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున చక్రము నిమిషమునకు దాదాపు 450 చుట్లు తిరుగును. టాప్ గేరులో ఇంజనును షాఫ్టును సమానముగా తిరుగు బండిలో, నిష్పత్తి 4.11 అయినచో ఇంజను నిమిషమునకు సుమారు 1,850 చుట్లు, 4.88 అయినచో 2,200, 5.38 అయినచో 2,420 చుట్లు తిరుగును. ఎనభై కిలోమీటర్ల వేగమున 5.38 బండి ఇంజను 3,200 దాటును. పాత డీజిలు ఇంజనును గంటల తరబడి అట్లు పరుగెత్తించుట మంచిది కాదు.

దీనినిబట్టి చిన్న సంఖ్యయే మేలని చాలమంది తలతురు. ‘ఇది మైలేజి బండి’ అని అమ్మువాడును ఊరించును. ఆ మైలేజి బండి టాప్ గేరులో సాగినంతసేపే దక్కును. చేవెళ్ల ప్రక్కనుండి పది పన్నెండు క్వింటాళ్ల టమాటా వేసుకొని బయలుదేరిన 4.11 బండి చిన్న ఎత్తు వచ్చినప్పుడెల్ల క్రింది గేరుకు దిగుచున్నచో, ఆదా అగునన్న డీజిలు అక్కడనే పోవును. అంతకన్న పెద్ద నష్టము క్లచ్‌కు. వానకాలపు నల్లరేగడి బాటలో నిండు బండిని కదల్చుటకు క్లచ్‌ను సగము నొక్కి పట్టవలసివచ్చును. ఒక్క నెలలో అది కాలిపోయినను ఆశ్చర్యము లేదు. కోతల నడుమ బండి షెడ్డులో పడియున్నచో ఆ వారము సరుకు ఎవరు మోయుదురు? కావున నిష్పత్తిని మీ ప్రయాణములోని నలుబది కిలోమీటర్ల తారు రోడ్డును చూచి గాక, చేనునుండి రోడ్డు వరకు గల ఆ మొదటి మూడు కిలోమీటర్లను చూచి నిర్ణయించుకొనుడు. అనంతగిరి ఘాటు వైపు వారికి ఇది మరింత వర్తించును. చేను రోడ్డు అంచుననే యుండి, పూలు, ఆకుకూరలవంటి తేలిక సరుకు మాత్రమే వేయువారికి 4.11 చక్కగా సరిపోవును.

గేరుబాక్సును కూడ కలిపి చూడవలెను. ఐదవ గేరు 0.85 గల బండిలో 4.88 నిష్పత్తి యున్నను, రెండును హెచ్చవేయగా 4.15 మాత్రమే వచ్చును. అనగా హైవేపై అది ఇంచుమించు 4.11 బండి వలె నడచును, బురదలో 4.88 బండి వలె లాగును. దొరికినచో రైతుకు ఇదియే ఉత్తమము. టైర్లు మార్చిన బండ్లయందు మరియొక చిక్కు గలదు. పదివంతులు ఎత్తైన టైర్లు వేసినచో 4.88 అసలు పనిలో 4.44 అయిపోవును. చూపునకు బండి ఠీవిగా నుండును, లాగుడు మాత్రము తగ్గును.

లెక్కించు విధము

బండిని చదును నేలపై నిలిపి, ఇంజను ఆపి, తాళము చెవి జేబులో వేసుకొనుడు. ముందు చక్రములకు రెండు వైపుల రాళ్లు గాని దిమ్మెలు గాని గట్టిగా పెట్టుడు. హ్యాండు బ్రేకు సాధారణముగా వెనుక చక్రములనే పట్టును కనుక దానిని వదలవలసియుండును. అందుచే ఈ దిమ్మెలే మీకు ప్రాణరక్షణ. ఒక వెనుక చక్రమును జాకీతో లేపి, యాక్సిలు క్రింద స్టాండు పెట్టి, గేరును న్యూట్రలులో ఉంచుడు. జాకీ ఒక్కదానిని నమ్మి ఎవరును క్రింద దూరరాదు. చక్రము మీదను షాఫ్టు మీదను సుద్దతో గీతలు గీసి, లేపిన చక్రమును సరిగా ఇరువది చుట్లు త్రిప్పుచు షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగినదో రెండవ మనిషిచే లెక్కపెట్టించుడు. ఒక చక్రము నేలమీద నిలిచియుండుటచే రెండు చుట్లు ఒక చుట్టుతో సమానము. కనుక షాఫ్టు చుట్లను పదిచే భాగించుడు. నలుబది తొమ్మిదికి కొంచెము తక్కువ వచ్చినచో నిష్పత్తి 4.88. లాకింగు డిఫరెన్షియలు గల బండికి ఈ పద్ధతి పనికిరాదు. దానికి రెండు చక్రములను లేపి కలిపి త్రిప్పవలెను. నాలుగు చక్రములకు శక్తి అందు జీపు తరహా బండి అయినచో ముందు యాక్సిలును కూడ లెక్కించుడు. రెండింటికి తేడా యున్నచో బేరము మానుకొనుడు.

వచ్చిన సంఖ్య కంపెనీ పుస్తకములోని సంఖ్యతో కలియవలెను. బండితో పుస్తకము లేకున్నచో, అబిడ్స్‌లో ఆదివారము దుకాణములు మూసియుండగా కాలిబాటలపై పాత పుస్తకములు పరచి అమ్ముదురు. ఓపికతో వెదకినచో మరమ్మతు పుస్తకములును దొరకవచ్చును. సంఖ్య కలియనిచో ఎవరో క్రౌన్, పినియన్ మార్చినారన్నమాట. అప్పుడు మీటరును నమ్మరాదు. షాఫ్టు వైపునుండి నడచు మీటరు గల బండికి 4.88 తీసి 4.11 వేసినచో, నిజముగా 100 కిలోమీటర్లు తిరిగినను మీటరు 84 మాత్రమే చూపును. హైవేపై పది కిలోమీటరు రాళ్లు దాటించి మీటరును చూచినచో ఈ గుట్టు బయటపడును.

నడిపి చూచుట

నాంపల్లి స్టేషనులో దిగి బండి చూచుకొను రైతును అమ్మువాడు ఖాళీ రోడ్డుకే తీసికొనిపోవును. అక్కడ ఏ బండియైనను బాగుగనే పోవును. సరుకు బండ్లకు అనుమతించిన వేళలు కనుగొని, ఇసుక బస్తాలు వేయించి, నాంపల్లినుండి గాంధీభవన్, మొజంజాహి మార్కెట్టు మీదుగా అబిడ్స్ జి.పి.ఓ. వరకు నడిపించుడు. పది గజములకొకసారి ఆగి కదలు ఆ దారిలో క్లచ్ వాసన వచ్చినచో నిష్పత్తి బరువునకు చాలలేదు, లేక క్లచ్ అరిగినది. పిదప నౌబత్ పహాడ్ ఎక్కు దారివంటి ఎత్తుపై నిలిపి మరల కదల్చుడు. వెనుకనుండి ఈలవంటి కూత ఆగక వచ్చినచో క్రౌన్, పినియన్ అరిగియుండవచ్చును. హౌసింగు బిరడా విప్పి నూనెను వ్రేలితో చూడుడు. ఇనుప పొడి తగిలినచో పండ్లు అరుగుచున్నవి. పాలవలె తెల్లగా నున్నచో నీరు చేరినది.

గోషామహల్ వైపు పాత విడిభాగములు చవకగా దొరకును గదా, తరువాత మార్చుకొందమని కొందరు కొనివేయుదురు. క్రౌన్, పినియన్ ఒకదానితో నొకటి ఒరిపిడి పెట్టి తయారైన జత. ఒక బండి క్రౌన్‌ను మరియొక బండి పినియన్‌తో కలిపినచో కొద్దికాలమునకే కూతపెట్టి పండ్లు రాలును. మార్చక తప్పనిచో జతగానే కొని, దూరము కొలిచి బిగించు నేర్పుగల మెకానిక్కుచే వేయించి, కంపెనీ చెప్పిన గ్రేడు నూనెను క్రొత్తగా పోయించుడు. ఆ ఖర్చును బేరములోనే తగ్గించి అడుగవలెను.