బడియు, తల్లిదండ్రులును

మృగశిర కార్తె ప్రవేశించిన నాలుగైదు దినములకే తెలంగాణములో బడులు తెరువబడును. సాధారణముగా జూను 12వ తేదీన బడి. ఆ వారముననే దుక్కి, విత్తనము, ఎరువు, అప్పు. రైతునకు ఊపిరి సలుపని దినములవి. బిడ్డను బడిలో దిగవిడిచి పొలమునకు పోవును. మరల నతడు బడి గడప త్రొక్కునది ఏప్రిలులో, బిడ్డ పై తరగతికి పోయెనో లేదో తెలిసికొనుటకు. విత్తిననాడును కోతనాడును దప్ప పొలము చూడని రైతు మనలో నొక్కడైన గలడా?

కోకాపేట సంగతి చూడుడు. గండిపేట చెరువు దాపుననున్న ఈ గ్రామములో, ఒకప్పుడు నాగలి సాగిన నేలపై నేడు ఆకాశమంటు మేడలు లేచుచున్నవి. 2023 ఆగస్టులో ప్రభుత్వము వేలము వేయగా ఇచ్చట ఎకరము 100 కోట్ల రూపాయలకు మించి పలికెను. ఆ సొమ్ము సర్కారునకు చేరెను. పూర్వమే పొలము విడిచిన కాపునకు అందులో పాలు లేదు. ఇట్టిచోట తండ్రి బిడ్డకు పంచియీయగల మడిచెక్క యేది? చదువొక్కటియే మిగిలినది.

అయినను అట్టి తల్లిదండ్రులే బడికి రాలేకున్నారు. మేడలు కట్టు కూలీలు, కార్లు తోలువారు, కావలివారు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు తెల్లవారకముందే పోయి ప్రొద్దుక్రుంకిన పిమ్మట వత్తురు. పగలు 11 గంటలకు సభ యనిన ఒకనాటి కూలి పోవును. వారు రాకున్న, వీరికి బిడ్డలపై శ్రద్ధ లేదని అనువారు కలరు. ఈ మాట అన్యాయమని మా యభిప్రాయము. వేళ కుదరకపోవుట వేరు, శ్రద్ధ లేకపోవుట వేరు. ఆదివారము ఉదయమో, సాయంకాలము దీపములు పెట్టిన పిమ్మటనో సభ జరుపుడని తల్లిదండ్రులే అడుగవలెను.

అడుగుటకు వారికి అధికారమును కలదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనున్నది. దాని 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ పాఠశాలలో యాజమాన్య సంఘము ఉండవలెను. సభ్యులలో నాలుగింట మూడు పాళ్లు తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. సగముమంది స్త్రీలు కావలెను. బడి నడకను కనిపెట్టుట, అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుట, వచ్చిన సొమ్ము ఎట్లు ఖర్చగుచున్నదో చూచుట వీరి పనులు. బిడ్డల హాజరు, చదువు ఎట్లున్నవో తల్లిదండ్రులకు సభలలో తెలుపుట ఉపాధ్యాయుల విధియని 24వ సెక్షను చెప్పుచున్నది. 2024లో తెలంగాణ ప్రభుత్వము అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను కూడ ఏర్పరచి, బడుల మరమ్మతులవంటి పనులను వానికి ఒప్పగించెను.

కాని కాగితముపై సంఘముండుట వేరు. మేమెరిగిన యొక బడిలో సభ జరుగకయే మినిట్సు పుస్తకము ఇంటింటికి వచ్చెడిది. సభ్యులు చదువకయే వ్రేలిముద్రలు వేసెడివారు. మన సహకార సంఘమునందు ఇట్లు జరిగిన ఊరకుందుమా?

“మాకే అక్షరము రాదు, బడికి పోయి ఏమి చూతుము?” అని పలువురు మమ్మడిగినారు. చూడదగినది చాల కలదు. బిడ్డ నోటుబుక్కు తెరచి, వెనుకటిసారి చూచిన పుటనుండి ఎన్ని పుటలు నిండెనో లెక్కింపవచ్చును. ఉపాధ్యాయుని ఎర్రసిరా గురుతులు ఉన్నవో లేవో కనిపెట్టవచ్చును. ఎరువు సంచిపై వ్రాతను, విత్తనపు పొట్లముపై తేదీని, సంఘపు పాసుపుస్తకములోని బాకీని బిడ్డచేత బిగ్గరగా చదివింపవచ్చును. అయిదవ తరగతి పిల్లవాడు బాకీ అంకె చదువలేకపోయిన, ఆ సంగతి తెలియుటకు తండ్రికి చదువు రానక్కరలేదు. మరునాడే పోయి ఉపాధ్యాయుని అడుగవలెను. కోపముతో గాదు, పిల్లవానికి ఎచ్చట తడబాటు కలుగుచున్నది, ఇంటివద్ద మేమేమి చేయవలెనని అడుగవలెను. అట్టి ప్రశ్నకు విసుగుకొను ఉపాధ్యాయులు అరుదు.

ఏడాదిలో జారుచోట్లు కొన్ని కలవు. నాట్లనాడు చంటిబిడ్డను చూచుటకు పెద్దపిల్లను ఇంట నిలుపుదురు. దసరా సెలవుల పిమ్మట పత్తి ఏరుట ముదురును. అప్పుడు బడి మానిన పిల్లలు కొందరు సంక్రాంతి వరకును తిరిగి రారు. మానిన పాఠము లెక్కలలో ముందు బయటపడును. ఏలయన భాగహారము తప్పినవానికి భిన్నములు పట్టుబడవు. పదవ తరగతి వారికి మార్చిలో పరీక్షలు. సంక్రాంతి తరువాత మేల్కొనిన తండ్రికి రెండు నెలలే మిగులును. కావున జూనులో చేర్పించినపుడు, నాట్లు ముగిసిన వెంటనే, దసరాకు ముందు, సంక్రాంతి వెళ్లిన వారమున తప్పక బడికి పోవలెను. తక్కిన నెలలలో హాజరు అడిగి వచ్చుటకు పావుగంట చాలును. తండ్రికి తీరికలేకున్న తల్లియో, మేనమామయో, తాతయో పోవచ్చును.

ఆంధ్రప్రదేశములో 2024 డిసెంబరు 7వ తేదీన ప్రభుత్వ బడులన్నిట ఒకేనాడు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు జరిపిరి. మంచి పనియే. ఆనాటి తోరణములు వాడిన పిమ్మట, జనవరిలో ఎందరు బడికి వచ్చిరన్నదే మేము అడుగు ప్రశ్న.

ఈ నెల ఎరువులకై సంఘమునకు వచ్చు సభ్యులు, తమ ఊరి బడి యాజమాన్య సంఘములో ఎవరెవరున్నారో, కడపటి సభ ఏనాడు జరిగెనో విచారించి రావలసినదిగా కోరుచున్నాము.