అమ్మ రాసిన చీటీలు ఎవరు చింపుతారు?

ఉప్పల్‌లోనో, నాచారంలోనో రంగుచేపలు అమ్మే దుకాణం ముందు ఎప్పుడైనా ఆగారా? గాజుతొట్టెలో నీలిచారలతో, మీ చిటికెనవేలంత కూడా లేని చేపలు గుంపుగా తిరుగుతుంటాయి. అవి జీబ్రా చేపలు. ఎక్కడో విదేశాల నుంచి వచ్చాయనుకునేరు! గంగానది ప్రాంతపు చేపలివి. 1822లో హామిల్టన్ అనే ఆయన వీటిని వర్ణించాడు.

ఉప్పల్ నుంచి తార్నాక వెళ్ళే దారిలో, హబ్సిగూడ దగ్గర సి.సి.ఎం.బి. ఉంది కదా. 1977లో ఏర్పడిన ఆ కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో శాస్త్రజ్ఞులు ఈ చేపలను పెంచుతున్నారు. ఎందుకో తెలుసా? వీటి గుడ్లు గాజుగోళీల్లా పారదర్శకంగా ఉంటాయి. ఒక్క కణం చేపపిల్లగా మారడాన్ని సూక్ష్మదర్శినిలో కళ్ళారా చూడవచ్చు.

ఒక లెక్క చేద్దాం. ఫలదీకరణం జరిగిన సుమారు 45 నిమిషాలకు గుడ్డులోని కణం రెండవుతుంది. అక్కడినుంచి దాదాపు ప్రతి 15 నిమిషాలకూ కణాల సంఖ్య రెట్టింపవుతుంది. మూడు గంటలకు ఎన్ని కణాలు? కాగితం తీసి వేసి చూడండి. 1,024 వస్తే మీ లెక్క సరి.

ఇంత హడావుడిలో పిండానికి తన సొంత జన్యువులను చదువుకునే తీరిక ఉండదు. మరి పని ఎలా నడుస్తోంది? తల్లి ముందే చీటీలు రాసి గుడ్డులో పెట్టింది! ఫలానా ప్రోటీను తయారుచెయ్యి అనే ఆజ్ఞలు మోసే ఆ చీటీలే వార్తావాహక ఆర్.ఎన్.ఎ.లు. మూడు గంటల వేళకు పిండం సొంత జన్యువులు మేలుకొంటాయి. ఇక్కడే వచ్చింది చిక్కు. పాత చీటీలు పోకపోతే? అమ్మ ఊరెళ్తూ ‘ఈరోజు పప్పు వండండి’ అని గోడకు అంటించిన కాగితం నెల తర్వాత కూడా అక్కడే ఉంటే, ఇంట్లో రోజూ పప్పే!

అందుకని పిండం మొట్టమొదట తయారుచేసుకొనే వాటిలో మిర్-430 అనే బుల్లి ఆర్.ఎన్.ఎ. ఒకటి. చీటీలో వందలు, వేల అక్షరాలుంటే దీనిలో ఉండేవి సుమారు 22. పొడవాటి ముడిసరుకును డైసర్ అనే ఎంజైము కత్తెరలా కత్తిరిస్తే ఇది వస్తుంది. ఆర్.ఎన్.ఎ.లో ‘ఎ’కి ‘యు’, ‘జి’కి ‘సి’ జత అని చదువుకున్నారు కదా. మిర్-430లోని ఆరేడు అక్షరాలకు జత కుదిరే వరుస ఏ చీటీలో ఉంటే దానిని పట్టుకుంటుంది. చింపే పని స్వయంగా చేయదు. చీటీ చివర ‘ఎ’ అక్షరాల తోక ఒకటుంటుంది. వెంటనున్న ప్రోటీన్ల చేత ఆ తోకను కొరికిస్తుంది. తోక పోయిన చీటీ ఎంతోసేపు నిలవదు. ఇలా కొన్ని వందల రకాల చీటీలు మాయమవుతాయని 2006లో తేలింది.

మిర్-430 లేకపోతే ఏమవుతుంది? ఇది మన ఊళ్ళో జరిగిన ప్రయోగం కాదు. 2005లో అమెరికాలో గిరాల్డెజ్, షియర్, వారి తోటివారు డైసర్ బొత్తిగా లేని జీబ్రా పిండాలను తయారుచేశారు. తల ఎటో, తోక ఎటో నిర్ణయమైంది గాని, మెదడులోని గదులు సరిగా ఏర్పడలేదు. అప్పుడు అటువంటి గుడ్లలోకి సన్నని సూదితో మిర్-430ని ఎక్కించారు. పిండంలో ఇతర లోపాలు మిగిలాయి గాని, మెదడు ఆకారం చాలావరకు కుదిరింది! నాకు ఈ ప్రయోగం ఎంత ఇష్టమో చెప్పలేను.

నేనొక తప్పు ఒప్పుకోవాలి. ఆర్.ఎన్.ఎ. అంటే జన్యువు మాటను మోసే బంట్రోతు మాత్రమేనని ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద రాసి చెప్పాను. ఆంబ్రోస్, రవ్‌కున్ అనే శాస్త్రజ్ఞులు 1993లోనే ఒక చిన్న పురుగులో ఇటువంటి బుల్లి ఆర్.ఎన్.ఎ. చేసే పనిని బయటపెట్టారు. అది పురుగుల సంగతేలే అని చాలామంది ఊరుకున్నారు. 2000లో అటువంటిదే మరొకటి చేపల్లోనూ మనుషుల్లోనూ కనిపించాకగాని కళ్ళు తెరవలేదు. వారిద్దరికీ 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. మిర్-430కి మనలోనూ చుట్టాలున్నాయి. డైసర్ జన్యువులో పుట్టుకతో లోపమున్న కొందరు పసిపిల్లలకు ఊపిరితిత్తులలో అరుదైన గడ్డలు వస్తాయని 2009లో గుర్తించారు.

మీ బడిలో తొట్టె ఉంటే అడుగున గోళీలు పరవండి. లేకపోతే పెట్టిన గుడ్లను ఆ చేపలే తినేస్తాయి. కుళాయి నీరైతే ముందు ఒక రోజు నిలవబెట్టండి. ఆడ, మగ జీబ్రా చేపలను సాయంత్రం వదిలితే, మర్నాడు వెలుగు పడగానే గుడ్లు పెట్టవచ్చు. గోళీల సందుల్లోంచి డ్రాపరుతో వాటిని తీసి, శుభ్రమైన నీటిలో 28 డిగ్రీల దగ్గర ఉంచండి. ఆ మరుసటి మధ్యాహ్నం సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడండి. గుండె కొట్టుకుంటూ కనిపిస్తుంది.