చిల్లర విలువ

"చిల్లర" అను మాటను మనము తరచుగా చులకనగా వాడుచుందుము. విలువలేని మాటలు చిల్లరమాటలు. ఘనత లేనివాడు చిల్లరమనిషి. కాని పది రూపాయల వస్తువు కొనబోయి, జేబులో పెద్దనోటు తప్ప వేరేమియు లేనినాడు, ఎంతటి శ్రీమంతుడైనను అంగడి ముందర దిక్కులు చూడవలసినదే.

బాపట్ల జిల్లాలో కృష్ణానదికి పడమటి దరిని కొల్లూరు కలదు. సమీపమునందలి లంకభూములలో అరటి, పసుపు, కంద పండింతురు. ఆ ఊరి బజారులో ఒక ఉదయమున ఒక అవ్వ పూలబుట్టతో కూర్చున్నదనుకొనుడు. ఒక గృహస్థు ఇరువది రూపాయల మల్లెలు కొని ఐదువందల నోటు చాచెను. "బోణీ కూడా కాలేదు బాబూ! చిల్లర ఎక్కడ తేను?" అని అవ్వ వాపోయెను. "ఐనచో రేపిచ్చెదను" అని ఆయన పూలతో వెడలిపోయెను. మరునాడు ఆ సంగతియే మరచెను. ఆయనకు అది చిల్లర. అవ్వకు ఆ పూట కూరఖర్చు. సాయంకాలము ఆమె కొంగుముడి విప్పి, నాలుగు పదిరూపాయల నాణెములతో పప్పు కొనబోగా, "ఈ బిళ్ళలు చెల్లవు" అని అంగడివాడు త్రోసిపుచ్చెను.

మన బజారులలో ఒకప్పుడు దమ్మిడీకి గూడ గౌరవముండెను. రూపాయికి 16 అణాలు. అణాకు 4 కానులు, లేక 12 దమ్మిడీలు. బేడ యనగా రెండణాలు, పావలా యనగా నాలుగణాలు. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ పద్ధతి వచ్చి, రూపాయికి 100 నయాపైసలైనవి. పావలాకు సరిగా 25 నయాపైసలు వచ్చినను, అణాకు ఆరుంబావు వచ్చుటచే ఆ పావుపైస లెక్క చిక్కుగానుండెను. 1964లో "నయా" అను మాట తొలగినది. 2011 జూన్ 30 నుండి 25 పైసలు, అంతకు తక్కువ విలువగల నాణెములు చెల్లకుండపోయినవి. నాణెము పోయినను "పావలా" అను మాట మన నాలుకపై నిలిచియున్నది.

పది రూపాయల నాణెము సంగతి వేరు. అది చట్టరీత్యా చెల్లును. రూపాయి గుర్తు లేని నాణెము దొంగదని పుకారు పుట్టగా, 14 నమూనాలును చెల్లునని భారత రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించినది. ఐనను కాదనువారు కలరు. "నేను తీసికొన్నను ఎదుటివాడు తీసికొనడు" అని ఒకడు వెనుదీయును. వానిని చూచి వేరొకడు వెనుదీయును. ఇట్లు మంచి నాణెము చెల్లని నాణెమగుచున్నది. నాణెమునకు విలువ లోహము వలన గాక నమ్మకము వలన కలుగునని దీనివలన తెలియుచున్నది.

మరియొక వింత చూడుడు. కృష్ణ వంతెన దాటునపుడు నాణెమును నదిలో వేసి చేతులు జోడింతుము. పెండ్లిలో నూటపదహార్లు చదివించునపుడు ఆ పదహారును శుభమని యెంచుదుము. అవ్వ చేతినుండి అదే నాణెమును పుచ్చుకొనుటకు మాత్రము సంకోచింతుము!

సెల్‌ఫోను ద్వారా పైసలతో సహా చెల్లించు యూపీఐ పద్ధతి 2016లో వచ్చి ఈ చిక్కును చాలవరకు తగ్గించినది. కాని చేత ఫోను లేనివారికి చిల్లరయే ఆధారము.

బాలలారా! బజారునకు పోవునపుడు నాలుగు నాణెములు వెంటనుంచుకొనుడు. చెల్లు నాణెమును కాదనకుడు. ఇయ్యవలసినది చిన్న మొత్తమని రేపటికి త్రోయకుడు. ఇచ్చువానికి స్వల్పమైనది పుచ్చుకొనువానికి స్వల్పము కాకపోవచ్చును.